కళాఖండాలకు కావలసిన గాలి

తళి ప్రాంతంలో వానలు పట్టినప్పుడు పాత ఇళ్ల తలుపులు బిగుసుకుపోతాయి. గట్టిగా తోస్తే గాని మూసుకోవు. డబ్బాలోని అప్పడాలు మెత్తబడతాయి. ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఎండలు రాగానే అవే తలుపులు సులభంగా మూసుకుంటాయి. కారణమేమి? చెక్క గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది. గాలి పొడిబారినప్పుడు ఆ తేమను వదలి కుంచించుకుంటుంది.

ఇంటి తలుపుకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. కాని రంగులు పూసిన పురాతనమైన కొయ్యబొమ్మకు ఇది పెద్ద ముప్పు. లోపలి చెక్క ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే పైపూత దానితోపాటు సాగలేదు. క్రమంగా అది పగిలి, పెళ్లలుగా రాలిపోతుంది.

మ్యూజియంలలో ఇటువంటి సున్నితమైన వస్తువులు ఎన్నో ఉంటాయి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో ప్రారంభమైంది. ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ టిప్పు సుల్తానుకు కానుకగా పంపినవని చెప్పే దంతపు కుర్చీలు అక్కడ ఉన్నాయి. తేమ ఒక్కసారిగా మారితే దంతం బీటలు వారుతుంది. 1851లో ఏర్పడిన చెన్నై ప్రభుత్వ మ్యూజియం కంచు విగ్రహాలకు ప్రసిద్ధి. లోహంలో ఉప్పు చేరి, గాలిలో తేమ ఎక్కువైతే కంచు మీద ఆకుపచ్చని పొడి పుట్టి విగ్రహాన్ని తినివేస్తుంది. తేమ 65 శాతం దాటి చాలాకాలం నిలిస్తే కాగితం, బట్ట, తాళపత్రం బూజు పట్టే ప్రమాదం ఉన్నది. కృష్ణగిరి మ్యూజియంలోని వీరగల్లుల వంటి శిలలకు మాత్రం ఇంత భయం లేదు. ఎండకు, వానకు ఓర్చుకొన్న రాళ్లవి.

సున్నితమైన వస్తువులను కాపాడటానికి మ్యూజియంలు ఏసీ యంత్రాలను ఆశ్రయించాయి. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో పెద్ద మ్యూజియంలు చాలావరకు సుమారు 20 డిగ్రీల ఉష్ణోగ్రతను, 50 శాతం తేమను ఏడాది పొడవునా పాటించాలని నియమం పెట్టుకొన్నాయి. ఈ నియమానికి అయ్యే విద్యుత్తు ఎక్కువ. గాలిలోని తేమను తీయడానికి యంత్రం గాలిని బాగా చల్లబరుస్తుంది. అప్పుడు తేమ నీటిబొట్లుగా కారిపోతుంది. మిగిలిన గాలి అతిచల్లగా ఉంటుంది గనుక దానిని మళ్లీ కొంత వేడిచేయాలి. అంటే ఒకే గాలికి రెండుసార్లు ఖర్చు. ఆ విద్యుత్తులో అధికభాగం మన దేశంలో బొగ్గును కాల్చగా వచ్చేదే.

ఖర్చు తగ్గించడానికి రాత్రిపూట యంత్రాన్ని ఆపివేస్తే చాలదా? తొందరపడకూడదు. పగలంతా చల్లబడిన గదిలోకి సముద్రతీరపు తడిగాలి చొరబడితే అక్కడ తేమ అమాంతం పెరుగుతుంది. తెల్లవారి యంత్రం నడవగానే తగ్గుతుంది. రోజూ ఈ ఎగుడుదిగుళ్లకు గురైన వస్తువు త్వరగా శిథిలమవుతుంది. ఆలోచన లేని పొదుపు వల్ల కూడా నష్టమే.

మరి వస్తువులకు నిజంగా కావలసినది ఏమిటి? దీనికి ఒక యుద్ధకాలపు సంఘటన కొంత సమాధానం చెప్పింది. రెండవ ప్రపంచయుద్ధంలో లండన్ నగరంపై బాంబులు పడుతున్నప్పుడు, అక్కడి నేషనల్ గ్యాలరీ చిత్రపటాలను 1941లో వేల్స్ దేశంలోని మేనడ్ అనే పలకరాతి గనిలో దాచారు. కొండ లోపల కట్టిన గదులలో సుమారు 17 డిగ్రీల ఉష్ణోగ్రత, 42 శాతం తేమ నిలకడగా ఉండేటట్లు చూశారు. చుట్టూ ఉన్న కొండ వల్ల ఆ పని సులభమైంది. లండన్‌లో తరచు రంగు పెచ్చులూడిన పటాలు ఆ గనిలో క్షేమంగా ఉన్నాయి. నిలకడ ఎంత ముఖ్యమో నిపుణులు గ్రహించారు.

ప్రతి వస్తువుకూ ఒకే కఠినమైన కొలత అవసరం లేదని తరువాతి పరిశోధనల వల్ల తెలిసింది. 2014లో అంతర్జాతీయ సంరక్షణ సంఘాలు ఈ విషయంపై ఉమ్మడి ప్రకటన చేశాయి. చాలా వస్తువులకు 16 నుండి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 40 నుండి 60 శాతం తేమ సరిపోతాయని, మార్పు మాత్రం మెల్లగా జరగాలని పెద్ద మ్యూజియంలు అంగీకరించాయి. అయితే వేడి, తేమ ఎక్కువగా ఉన్న దేశాలు తమ వాతావరణాన్ని బట్టి ఆలోచించుకోవాలి. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని మన కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది.

యంత్రం లేని రోజులలో కూడా పెద్దలు ఈ జాగ్రత్త తీసుకొన్నారు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో నాయకరాజుల కాలం నుండి సేకరించిన తెలుగు తాళపత్ర గ్రంథాలున్నాయి. ఆకులకు నిమ్మగడ్డి నూనె పూయడం, చెక్కపలకల మధ్య బిగించి గుడ్డలో చుట్టడం, వస, లవంగం, దాల్చినచెక్క, కర్పూరం వంటి వాటి పొడిని మూటకట్టి పక్కన ఉంచడం అక్కడి పద్ధతి. నూనె, పొడి పురుగులను దూరం చేస్తాయి. పలక, గుడ్డ తేమ త్వరగా మారకుండా అడ్డుపడతాయి.

నేటి పొదుపు మార్గం కూడా ఇటువంటిదే. సున్నితమైన వస్తువును బిగువైన అద్దాలపెట్టెలో పెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ ఉంచితే గది అంతటినీ అదుపు చేయనక్కరలేదు. శిలలను ఏసీ లేని మండపంలో ఉంచవచ్చు. మందపు గోడలు, నీడనిచ్చే వరండాలు వేడిని ఆపుతాయి. పాత బల్బులు విద్యుత్తులో అధికభాగాన్ని వేడిగా మార్చేవి. ఎల్‌ఈడీ దీపాలతో ఆ వేడి తగ్గి, ఏసీ భారం కూడా తగ్గుతుంది. ఏ మార్పు చేసినా తేమను రోజూ కొలిచి రాసుకోవాలి.

విద్యుత్తు వృథా కారాదు. కాని చెదిరిన తాళపత్రాన్ని ఎంత ధనం పోసినా తిరిగి తేలేము. ఏ వస్తువుకు ఎంత అవసరమో తెలుసుకొని అంతే ఇచ్చినప్పుడు రెండూ దక్కుతాయి.

పదాలు - అర్థాలు
ఉత్తరార్ధం : రెండవ సగం
అమాంతం : ఒక్కసారిగా
శిథిలం : పాడైపోయినది
వీరగల్లు : వీరుని స్మృతికై నిలిపిన రాయి

ప్రశ్నలు
1. వానాకాలంలో తలుపులు ఎందుకు బిగుసుకుంటాయి?
2. రాత్రిపూట ఏసీని ఆపివేస్తే కలిగే కీడు ఏమిటి?
3. మేనడ్ గని వల్ల నిపుణులు ఏమి గ్రహించారు?

చేయవలసిన పని
మీ ఇంట్లో పట్టుబట్టలను, పాత పుస్తకాలను ఎలా భద్రపరుస్తారో అవ్వను, తాతను అడిగి పది వాక్యాలు రాయండి.