పిల్లల్లో మూర్ఛ: ఫిట్స్ ఆగినా మాత్ర ఆపవద్దు



ఇటీవల ఒక తల్లి ఎనిమిదేళ్ల కొడుకును ఎత్తుకొని మన ఆసుపత్రికి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి మందులు వాడుతూ బాబు పది నెలలు ఫిట్స్ లేకుండా ఉన్నాడు. "నయమైపోయింది కదా, ఇక ప్రార్థన చాలు" అని ఇంట్లోవారు మాత్రలు మాన్పించారు. వారం తిరగకముందే ఫిట్స్ మళ్లీ మళ్లీ వచ్చాయి. దేవుని కృపవల్ల బాబు కోలుకున్నాడు. ఇలా ఇంకొక ఇంట్లో జరగకూడదని ఈ పాఠం.

మూర్ఛ అంటే ఏమిటి?

మెదడులోని కణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. అవి ఒక్కసారిగా అదుపు తప్పితే ఫిట్స్ వస్తాయి. కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే కాదు, కొందరు పిల్లలు కొన్ని సెకన్లు పలకకుండా చూస్తూ ఉండిపోతారు. పుట్టగానే బిడ్డకు ఊపిరి అందకపోవడం, మెదడువాపు, తలకు దెబ్బ, పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి మెదడుకు చేరడం, వంశపారంపర్యం దీనికి కారణాలు. కొందరిలో కారణం తెలియదు. ఇది అంటువ్యాధి కాదు.

ఆరు నెలల నుండి ఐదేళ్లలోపు జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు మూర్ఛ వ్యాధి కాదు. అయినా డాక్టరుకు చూపించాలి.

ఇది దయ్యమా?

మత్తయి సువార్త 4:24 చూడండి. అక్కడ దయ్యం పట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను వేరుగా చెప్పారు. చాంద్రరోగమని మన పెద్దలు పిలిచినది ఈ మూర్ఛనే. ఇది రోగం. రోగికి ప్రార్థనా కావాలి, మందూ కావాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు

1. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తని బట్ట పెట్టండి.
2. చేతిలో తాళాలు పెట్టవద్దు. నోట్లో చెంచా, నీళ్లు, ఏదీ పెట్టవద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు.
3. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షిస్తాయి. వారు చూసే జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉంది. పెద్ద వైద్యం అవసరమైతే హైదరాబాదు నీలోఫర్, విశాఖపట్నం కె.జి.హెచ్., గుంటూరు పెద్దాసుపత్రి వంటివి ఉన్నాయి. ఫిట్స్ ఎలా మొదలైంది, ఎంతసేపు ఉంది అనేది చూసినవారే వెళ్లి చెప్పాలి. వీలైతే సెల్‌ఫోనులో వీడియో తీసి చూపించండి. అవసరాన్నిబట్టి ఇ.ఇ.జి., స్కానింగ్ చేస్తారు.

ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్ ఎక్కువగా వాడే మందులు. సరైన వైద్యంతో నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరు. సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ రాకపోతే, డాక్టరే మందును కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మాత్రలు అయిపోవడానికి వారం ముందే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ ఆ రోజు మందు లేకపోతే చీటీ చూపించి అదే మందు బయట కొనండి, ఒక్క పూట కూడా మానవద్దు. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

సంఘస్థులకు ఒక మాట

ఈ బిడ్డలు బడికి వెళ్లవచ్చు, ఆడుకోవచ్చు. చెరువు, బావి, పొయ్యి దగ్గర మాత్రం ఒంటరిగా వదలకూడదు. సండేస్కూలులో వారిని వెనుక కూర్చోబెట్టకండి. వారి కొరకు ప్రార్థించేటప్పుడు తల్లిని ఈ మాట కూడా అడగండి: "అమ్మా, ఈ రోజు మాత్ర వేశావా?"