వంశపత్రము ఆరోగ్యపత్రమగునా?

పిల్లిని పెంచగోరువారు నేడు రెండు త్రోవలలో ఒకటి పట్టుచున్నారు. వీధిలో దొరికిన కూనను చేరదీయుట మొదటిది. పెంపకందారు వద్ద మేలుజాతి కూనను వెలయిచ్చి కొనుట రెండవది. వీధిపిల్లికి ఏ రోగమున్నదో తెలియదనియు, వంశపత్రముతో వచ్చిన దానికి ఆరోగ్యము, సాధుస్వభావము తప్పక ఉండుననియు రెండవ పక్షమువారు వాదింతురు. హైదరాబాదు ఇండ్లలో సుపరిచితమైన పర్షియన్ పిల్లిని ఉదాహరణముగా గైకొని ఈ వాదమును పరిశీలింతము.

1871లో లండను నగరమున క్రిస్టల్ ప్యాలెస్ నందు హారిసన్ వీర్ ఏర్పాటుచేసిన ప్రదర్శనముతో జాతిపిల్లుల పోటీలకు ప్రాచుర్యము కలిగినది. నాటినుండి ముఖము, రోమము, వర్ణము మెచ్చి బహుమతులిచ్చుట ఆచారమైనది. వంశపత్రములో తల్లిదండ్రుల పేర్లు, వారి పూర్వుల పేర్లు, వర్ణములు ఉండును. మూత్రపిండముల ప్రస్తావన సాధారణముగా ఉండదు.

అసలు చిక్కంతయు ఇచటనే ఉన్నది. పర్షియన్ జాతిలో మూత్రపిండములయందు నీటితిత్తులు ఏర్పడు వంశపారంపర్య వ్యాధి యొకటి కలదు. దానికి మూలమైన జన్యుదోషమును 2004లో కనుగొనిరి. పరీక్ష సులభము కాని ఆ కాలమున పలుదేశములలో జరిపిన పరిశీలనలలో మూడింట ఒక వంతుకు పైగా పర్షియన్ పిల్లులకు ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. ఇది ప్రబలదోషము, అనగా తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నను చాలును, ప్రతి కూనకును సగము పాలు సంక్రమించు అవకాశము కలదు. తిత్తులు పుట్టుకతోనే సూక్ష్మముగా ఉండి మెల్లమెల్లగా పెరుగును. వ్యాధి లక్షణములు తరచుగా ఏడేండ్ల ప్రాయమున గాని బయటపడవు. కాని పిల్లి ఏడాది నిండకముందే ఈనగలదు! రోగము తెలియునప్పటికి దాని సంతతి ఎన్నో ఇండ్లకు చేరియుండును. కావున పెంపకందారు సత్యవంతుడైనను, పరీక్ష చేయించనిచో, తెలియకయే రోగిని అమ్మవచ్చును.

మా బంధువుల ఇంట నిట్లే జరిగినది. తెల్లని కూనను మంచి వెలకు కొనిరి. ఆరవ ఏట అది తిండి మానినది. పశువైద్యుడు స్కానింగు చేసి రెండు మూత్రపిండములు తిత్తులతో నిండినవని చెప్పెను. కొన్ననాడు వారు కన్నుల రంగు అడిగిరి, రోమము పొడవు అడిగిరి. తల్లిదండ్రులకు పరీక్ష జరిగినదా అని అడుగవలెనని వారికెవ్వరును చెప్పలేదు.

చప్పిడి ముఖము సంగతి వేరు. అది ఎరుగక జరిగిన దోషము కాదు, కోరి తెచ్చుకొన్నది. ముక్కు లోనికి నొక్కుకొనిపోయిన పిల్లికి శ్వాస బరువగును, కన్నీటినాళము వంకరయై కన్ను ఎల్లప్పుడు కారుచుండును. దీనిని అందమని మెచ్చువారి అభిరుచిని నేను అర్థము చేసికొనలేకున్నాను.

ఇక స్వభావము. కూనకు రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు గల కాలము కీలకము. ఆ దినములలో మనుష్యుల చేతులలో మెలగినది మనుష్యులకు మాలిమి యగును; బోనులో ఒంటిగా పెరిగినది, ఎంత మేలుజాతిదైనను, బెదరుచుండును. తండ్రి గుణము కూడ సంక్రమించునని 1995లో ప్రకటింపబడిన మెకూన్ పరిశోధన చూపినది. ధైర్యముగల పోతుపిల్లి సంతతి, తండ్రిని ఎన్నడును చూడకపోయినను, క్రొత్త వస్తువులను బెదరక సమీపించినవి. అనగా పెంపకందారు ఎన్నికకు విలువ లేకపోలేదు. కాని ఆ విలువ జాతిపేరులో లేదు, ఆ ఇంటి పెంపకములో ఉన్నది.

మన దేశమున 2017లో కుక్కల పెంపకము, విక్రయములకును, 2018లో పెంపుడు జంతువుల దుకాణములకును కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. 2017 నాటివి కుక్కలకు మాత్రమే వర్తించును. కాబట్టి పిల్లుల విషయమున కొనువాని జాగ్రత్తయే ముఖ్యము. తల్లిపిల్లిని, కూనలు తిరుగు గదిని కన్నులార చూడవలెను. చూపుటకు నిరాకరించిన చోట బేరము విడిచి వచ్చుట మేలు. టీకాల చీటీ అడుగవలెను. తల్లిదండ్రులిద్దరి జన్యుపరీక్ష ఫలితములు అడుగవలెను. ఆ ఫలితము ఈ యొక్క వ్యాధికే సాక్ష్యము, గుండెజబ్బులకు గాని అంటురోగములకు గాని కాదు. బుగ్గలోపల దూదిపుల్లతో రాచిన నమూనా ఈ పరీక్షకు చాలును. ఒకసారి చేసినచో ఆ పిల్లి జీవితాంతము మరల అవసరముండదు.