కొరియాలో ఆంగ్లోపాధ్యాయుడు – ఒక పరిశీలన

అమీర్‌పేట మైత్రీవనం కూడలి నుండి పంజాగుట్ట వైపు నడిచే బాటసారి దృష్టిని ఆకర్షించే ప్రకటనలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి కంప్యూటరు విద్యకు సంబంధించినది, రెండవది ఆంగ్ల సంభాషణకు సంబంధించినది. పంజాగుట్ట అనే పేరులోనే ఉర్దూ 'పంజా', తెలుగు 'గుట్ట' కలిసి కాపురం చేస్తున్నాయి. కనుక ఈ ప్రాంతంలో మరొక భాష వచ్చి చేరడం వింత కాదు. ఆంగ్లం నేర్చుకొని విదేశాలలో ఉద్యోగం సంపాదించాలన్న కోరికా కొత్తది కాదు. అయితే ఆ ఆంగ్లాన్ని నేర్పడానికే విదేశానికి పోవచ్చునా అని అడిగే విద్యార్థులు ఇటీవల కనబడుతున్నారు. కొరియా నాటకాలు, పాటలు మన యువతరానికి సన్నిహితమైన తరువాత వారు పేర్కొనే దేశాలలో దక్షిణ కొరియా తప్పక ఉంటున్నది. అక్కడి ఆంగ్లోపాధ్యాయుని బ్రతుకు ఎటువంటిది, ఆ వాకిలి మనకు ఎంతవరకు తెరచి ఉన్నది అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

కొరియాకు పరదేశి ఆంగ్లోపాధ్యాయుడు కొత్తవాడు కాడు. 1886లో కొరియా రాజు స్థాపించిన యుగ్యంగ్ కొంగ్వన్ అనే పాఠశాలలో బోధించడానికి ముగ్గురు అమెరికన్ యువకులు వచ్చారు. వారిలో హోమర్ హల్బర్ట్ అనే వానికి అప్పటికి ఇరువదిమూడేళ్లు. ఆంగ్లం నేర్పడానికి వచ్చిన ఈయన తానే కొరియన్ భాషకు శిష్యుడైనాడు. ఆ దేశపు లిపిలో భూగోళ పాఠ్యగ్రంథం రచించాడు. జపాను ఆక్రమణకు ఎదురు నిలిచిన కొరియా పక్షాన పోరాడాడు. 1949లో తిరిగి కొరియాకు చేరి, కొద్ది రోజులకే మరణించాడు. ఆయన సమాధి సియోల్ నగరంలోనే ఉన్నది. తెలుగువారికి ఆయన పేరు తెలియవలసిన కారణం మరొకటి ఉన్నది. 1905లో ఆయన కొరియన్ వ్యాకరణాన్ని మన ద్రావిడ భాషల వ్యాకరణంతో పోల్చి ఒక గ్రంథం ప్రకటించాడు. ఈ రెండింటికి జన్మసంబంధం ఉన్నదన్న ఆయన వాదాన్ని నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించరు. అంగీకరించకపోయినా, కొరియా బడిపిల్లల నోట ఆంగ్లం పడే పాట్లు విన్నవాడికి తెలుగు దేశం గుర్తురావడంలో ఆశ్చర్యం లేదు. ఆ సంగతికి తరువాత వద్దాం.

ఇక వర్తమానం. 1995లో కొరియా ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలలకు విదేశీ ఆంగ్లోపాధ్యాయులను రప్పించే పథకం ప్రారంభించింది. 'ఎపిక్' అని దాని పొట్టి పేరు. 1997 నుండి మూడవ తరగతిలోనే ఆంగ్లం పాఠ్యాంశమైనది. ఆంగ్లం నేర్పే విదేశీయునికి ఇచ్చే వీసా పేరు 'ఇ-2'. దానికి సామాన్యంగా అర్హులైనవారు ఏడు దేశాల పౌరులు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండ్, దక్షిణాఫ్రికా. వీరిని కొరియన్‌లో 'వొనొమిన్' అంటారు. మూలభాషీయులు అని దాని భావం. వీరు ఏదైనా ఒక డిగ్రీ పుచ్చుకొని ఉంటే చాలు. అది వ్యవసాయశాస్త్రం కావచ్చు, సంగీతం కావచ్చు.

భారతీయులకు ఈ పట్టికలో చోటు లేదు. అయితే 2009 ఆగస్టు 7న భారత, కొరియా ప్రభుత్వాలు సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. 2010 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చింది. సరుకుల సుంకాలను గురించిన ఆ పెద్ద పత్రంలో ఒక మూల మనకు సంబంధించిన అంశం ఉన్నది. భారతీయులు అక్కడి పాఠశాలలలో సహాయ ఆంగ్లోపాధ్యాయులుగా పనిచేయవచ్చు. కాని వారికి ఆంగ్లంలో పట్టాతోపాటు ఉపాధ్యాయ శిక్షణ అర్హత కూడ ఉండాలి. తెరచినది తలుపు కాదు, కిటికీ మాత్రమే అని విద్యార్థులు గ్రహించాలి. ప్రైవేటు విద్యాలయాలకు ఈ వెసులుబాటు లేదు.

ఇందులోని వైచిత్రి గమనింపదగినది. ఒకనికి పాసుపోర్టే శిక్షణ, మరొకనికి శిక్షణ ఉన్నా అది సహాయకుని హోదాకే సరిపోతుంది. మన నగరంలోనే 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. అదే నేడు ఆంగ్ల మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఆసియా, ఆఫ్రికా దేశాల నుండి ఉపాధ్యాయులు అక్కడికి వచ్చి ఆంగ్ల బోధనలో తర్ఫీదు పొంది పోతున్నారు. ఇతర దేశాల ఆంగ్లోపాధ్యాయులకు గురుపీఠమైన నగరంలో చదివినవాడు మరొక దేశానికి ఆంగ్లం రానివాడుగా కనబడడం న్యాయమనిపించదు. కొరియావారి వైపు నుండి కూడ ఆలోచించాలి. వారికి వ్యాకరణం చెప్పే స్వదేశీయులు కావలసినంతమంది ఉన్నారు. వారు కోరుతున్నది చెవికి వినిపించే ఉచ్చారణ. ఆ కోరికలో తప్పు లేదు. ఉచ్చారణ పుట్టుకతోనే వస్తుందనే నమ్మకంలో ఉన్నది తప్పు.

ప్రభుత్వ పాఠశాలలో విదేశీ ఉపాధ్యాయుని దినం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలై సాయంకాలం నాలుగున్నరకు ముగుస్తుంది. గుమ్మంలోనే బూట్లు విప్పి లోపలి చెప్పులు తొడగాలి. వారానికి సుమారు ఇరువదిరెండు పీరియడ్లు. ప్రాథమిక పాఠశాలలో పీరియడు నలుబది నిమిషాలు, మాధ్యమిక పాఠశాలలో నలుబదియైదు, ఉన్నత పాఠశాలలో యాభై. తరగతిలో సామాన్యంగా ఒక కొరియన్ సహోపాధ్యాయుడు తోడుంటాడు. ఈ తోటివాడితో పొందిక కుదిరితే ఏడాది సుఖంగా గడుస్తుంది. కుదరకపోతే విదేశీయుడు టేపురికార్డరుగా మారిపోతాడు: పలకమన్నప్పుడు పలకడం, ఆపమన్నప్పుడు ఆగడం. మధ్యాహ్నం అందరూ కలిసి బడిలోనే భోజనం చేస్తారు. తరగతిగదులు తుడిచేది పిల్లలే. మన బడులలో తల్లిదండ్రులు దీనికి ఒప్పుకుంటారా అన్నది వేరే ప్రశ్న. సెలవులలో పిల్లలు లేకపోయినా, పాఠాలు లేకపోయినా, విదేశీ ఉపాధ్యాయుడు తరచు వచ్చి తన బల్ల ముందు కూర్చోవలసి వస్తుంది. కుర్చీని వేడిగా ఉంచే ఉద్యోగమని వారిలో వారు నవ్వుకుంటారు.

ప్రైవేటు విద్యాలయాన్ని అక్కడ 'హగ్వన్' అంటారు. అమీర్‌పేట ఎరిగినవారికి దానిని వర్ణించి చెప్పనవసరం లేదు. అయితే అక్కడికి వచ్చేది ఉద్యోగార్థులు కారు, బడి వదిలిన పసివారు. హగ్వన్ ఉపాధ్యాయుని పని మధ్యాహ్నం మొదలై రాత్రి వరకు సాగుతుంది. 1980 జూలైలో అప్పటి సైనిక పాలకులు ప్రైవేటు ట్యూషన్లను నిషేధించారు. 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. రాత్రి పది గంటల తరువాత హగ్వన్లు నడపరాదని సియోల్ నగరం విధించిన కట్టడిని మాత్రం 2009లో అదే న్యాయస్థానం సమర్థించింది. ఈ ఆరాటానికి మూలం నవంబరులో జరిగే 'సునుంగ్' అనే విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష. ఆ దినం ఆంగ్ల శ్రవణ పరీక్ష సాగుతున్నంతసేపు దేశమంతటా విమానాల రాకపోకలను నిలిపివేస్తారు. ఒక పరాయి భాష వినబడడం కోసం ఆకాశాన్ని నిశ్శబ్దం చేసే దేశంలో ఆంగ్లోపాధ్యాయునికి పని దొరకడంలో వింత లేదు. కాని అతని బోధనను కొలిచేది ఆ పరీక్షే. పిల్లవాడు ధైర్యంగా నాలుగు మాటలు మాట్లాడడం కంటె సరియైన సమాధానాన్ని గుర్తించడం తల్లిదండ్రులకు ముఖ్యం. ఈ బాధ మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు భాష సంగతి. తెలుగు అజంత భాష. హల్లుతో అంతమయ్యే ఆంగ్లపదం మన నోటికి రాగానే 'బస్సు', 'రోడ్డు', 'కారు' అని అచ్చు తగిలించుకొని కూర్చుంటుంది. కొరియన్ నోటిలోనూ బస్సు 'బొసు' వంటి ధ్వనితో అచ్చును చేర్చుకుంటుంది. 'స్కూల్' అనే మాటను చూడండి. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి ముందు ఒక 'ఇ' చేర్చి 'ఇస్కూల్' అంటాడు. కొరియా పిల్లవాడు రెండు హల్లుల నడుమ అచ్చును దూర్చి 'సుకుల్' అంటాడు. జబ్బు ఒకటే, మందు వేసే చోటు వేరు. కొరియన్‌లో 'ఎఫ్' ధ్వని లేదు. కాఫీ 'కొపి' అవుతుంది. 'జెడ్' ధ్వని లేదు. 'పిజ్జా'లో గాని 'జీరో'లో గాని వారిదీ తెలుగువానిదీ ఒకటే 'జ'కారం. ఇక్కడ ఉర్దూ విద్యార్థి ధన్యుడు. ఈ రెండు ధ్వనులూ అతనికి తల్లి ఒడిలోనే వచ్చాయి. 'వి', 'డబ్ల్యు' దగ్గర మాత్రం మన ఇద్దరి గర్వం అణగిపోతుంది. తెలుగు 'వ'కు, ఉర్దూ 'వావ్'కు ఆ రెండూ ఒకటే. కొరియా పిల్లవాడు ఆ మొదటిదాన్ని 'బ' చేసి 'బిదియో' అంటాడు. 'ర', 'ల' భేదం మనకు సహజం. వారికి రెండింటికీ ఒకే అక్షరం కనుక కాంతిని చెప్పే 'లైట్', కుడిని చెప్పే 'రైట్' ఒక్కటైపోతాయి.

వ్యాకరణంలో సామ్యం ఇంకా ఎక్కువ. తెలుగు, ఉర్దూ, కొరియన్ మూడింటిలోను క్రియ వాక్యాంతంలో వస్తుంది. మూడింటిలోను ఆంగ్లంలోని 'ఎ', 'ది' వంటి ఉపపదాలు లేవు. ఆంగ్లాన్ని పాలతో త్రాగినవాడు, ఫలానా చోట 'ది' ఎందుకు అని పిల్లవాడు అడిగితే, అలాగే వినబడుతుంది అని తరచు ఊరుకుంటాడు. ఆ 'ది'తో పదేళ్లు కుస్తీ పట్టిన హైదరాబాదు ఉపాధ్యాయునికి ఆ పిల్లవాడు ఎక్కడ జారుతున్నాడో తెలుసు. ఇది మన నిజమైన పెట్టుబడి. దీనిని మనమే పాడుచేసుకునే మార్గం కూడ ఉన్నది. 'మీ గుడ్ నేమ్ ఏమిటి' వంటి పలుకుబడులు, 'ప్రిపోన్' వంటి మాటలు మన దేశంలో చెల్లుబాటు నాణేలు. అక్కడి తరగతిగదిలో అవి చెల్లవు. పోదలచినవారు వీటిని ఇక్కడనే వదలిపెట్టి పోవాలి.

పోయేముందు కొరియన్ లిపిని నేర్చుకోవడం కనీస మర్యాద. సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన ఆ 'హంగుల్' లిపిలో మూలాక్షరాలు ఇరువదినాలుగు. అక్షరాలను వరుసగా పేర్చరు. హల్లును, అచ్చును ఒక గడిలో కూర్చి, చివరి హల్లును అడుగున పెడతారు. ఒత్తులు వ్రాసే తెలుగువాని కంటికి ఇది కొత్తగా తోచదు. వారి ఉపాధ్యాయ దినోత్సవం ఆ రాజు జన్మదినమైన మే 15న జరుగుతుంది.

'గారు', 'జనాబ్' అనే మాటలకు బదులు అక్కడ 'నిమ్' చేర్చుతారు. ఉపాధ్యాయుడు 'సన్‌సెంగ్‌నిమ్'. పరిచయం కాగానే వయసు అడిగితే కోపగించుకోరాదు. 'మీరు' అనాలా, 'నువ్వు' అనాలా తేలితే గాని వారి వాక్యం పూర్తి కాదు. ఏ వస్తువునైనా రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో పుచ్చుకోవాలి. తలవంచి చేసే వందనం ఆదాబుకు అలవాటు పడిన మెడకు కష్టం కాదు. ఉపాధ్యాయులు తప్పక గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది: ఎర్రసిరాతో ఎవరి పేరూ వ్రాయరాదు. జీవించి ఉన్నవాని పేరు అలా వ్రాయడం అక్కడ అశుభం. జవాబు పత్రం దిద్దేటప్పుడు మన చేతి కలం దీనిని సులభంగా మరచిపోతుంది.

భోజనం విషయం దాచకుండా చెప్పాలి. అన్నం, పులుసు, కిమ్చి అనే ఊరగాయ మన వారికి ఇష్టమయ్యేవే. కాని మాంసం ముట్టనివారికి, హలాల్ నియమం పాటించేవారికి బడిభోజనం ప్రతి దినం ఒక పరీక్ష. కూరలాగ కనిపించిన దానిలో పందిమాంసపు రసం ఉండవచ్చు. ఉపాధ్యాయులందరు కలిసి వెళ్లే విందులో మాంసం, సారా రెండూ ఉంటాయి. పోకపోతే కలుపుగోలుతనం లేనివాడంటారు. పోయి, కారణం ముందే వినయంగా చెప్పి, కూరగాయలతో కూర్చోవడం మంచి మార్గం. సియోల్‌లోని ఇతెవన్ ప్రాంతంలో 1976లో వెలసిన మసీదు చుట్టూ హలాల్ దుకాణాలు ఉన్నాయి. దూరపు పల్లెలో నియమితుడైన వానికి ఆ సౌకర్యం నెలకొకనాటి ముచ్చట. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉంటుంది. నేల క్రింది నుండి ఇంటిని వేడిచేసే 'ఒందోల్' పద్ధతి ఉన్నందున గదిలో ఆ చలి తెలియదు.

ఒప్పందం సామాన్యంగా ఒక సంవత్సరానికి. నివాసం గాని, దాని అద్దె గాని యజమాని భరించడం ఆచారం. సంవత్సరం పూర్తిచేసిన వానికి ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలని చట్టం. ఈ సొమ్ము తప్పించుకోవడానికి పదకొండవ నెలలో ఉద్యోగం తీసివేసే హగ్వన్లు ఉన్నాయన్న ఫిర్యాదు పాతదే. వీసా యజమానితో ముడిపడి ఉంటుంది కనుక, నచ్చలేదని మరొకచోటికి మారడం తేలిక కాదు. సాయంకాలం ఇంటింటికి పోయి పాఠం చెప్పి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చునని ఎవరైనా చెబితే నమ్మరాదు. ఇ-2 వీసా మీద అది నేరం. పర్యాటక వీసా మీద వెళ్లి అక్కడ ఉద్యోగం వెదుక్కోవచ్చునని చెప్పే మధ్యవర్తికి రూపాయి కూడ ఇవ్వరాదు.

బి.ఏ.తో ఆగిపోయి, మూడు నెలల సంభాషణ తరగతికి రుసుము కట్టి, కొరియాకు దరఖాస్తు చేయాలనుకునే విద్యార్థికి ఆ రుసుము మిగుల్చుకొమ్మని నా సలహా. ఆంగ్లం ప్రధానాంశంగా పట్టా, ఆపై బి.ఎడ్. – ఈ రెండూ ఉన్నవానికే ఆ కిటికీ. పట్టాలపై విదేశాంగ శాఖవారి అపోస్టిల్ ముద్ర, పాసుపోర్టు కార్యాలయం నుండి పోలీసు ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి. అక్కడ దిగిన తరువాత వైద్యపరీక్ష ఉంటుంది. తొంభై దినాలలోగా విదేశీయుల నమోదు పూర్తి కావాలి. వారి విద్యాసంవత్సరం జూన్‌లో కాదు, మార్చిలో మొదలవుతుంది. కనుక ఈ కాగితాల పని ముందటి సంవత్సరం వానకాలంలోనే ప్రారంభించాలి.