‘వసంత క్రతువు’ను వినడం ఎలా?

పాశ్చాత్య వాద్యబృంద సంగీతం అనగానే అది మనది కాదనీ, స్వరలిపి చదవడం వస్తే తప్ప అర్థం కాదనీ మనలో చాలామంది పక్కకు జరుగుతారు. ఆ మాట మేము ఒప్పుకోం. రష్యన్ స్వరకర్త ఇగార్ స్ట్రావిన్‌స్కీ రాసిన ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’, అంటే ‘వసంత క్రతువు’ను చెవులతోనే ఎలా పట్టుకోవచ్చో ఇక్కడ చెబుతాం. నిడివి సుమారు 35 నిమిషాలు. మన స్టడీ అవర్ కంటే తక్కువే!

1913 మే 29న పారిస్‌లో ఇది నృత్యరూపకంగా మొదటిసారి ప్రదర్శితమైంది. నృత్యం కూర్చింది నిజిన్‌స్కీ. కథ చిన్నది. ప్రాచీన రష్యాలో వసంతం వస్తుంది. తెగవాళ్లు భూమిని పూజించి, ఒక కన్యను ఎంచుకుంటారు. పెద్దలు చుట్టూ చూస్తుండగా ఆమె ప్రాణం పోయేదాకా నాట్యం చేస్తుంది. ఆ రాత్రి హాలంతా నవ్వులు, కేకలు. వాద్యాలు వినపడని నర్తకుల కోసం నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి లెక్కలు అరిచాడట. మరుసటి ఏడాది అదే నగరంలో నృత్యం లేకుండా వాయిస్తే మాత్రం జనం స్వరకర్తను భుజాలకెత్తుకున్నారు. అంటే ఆ గోలకు సంగీతం ఒక్కటే కారణం కాదన్నమాట.

ఇక వినే సంగతి. మొదట ఒంటరిగా పలికేది బసూన్. మామూలుగా మంద్రస్థాయిలో మోగే ఊదుడు వాద్యం అది. ఇక్కడ దాన్ని బాగా పైస్థాయికి ఎక్కించారు. అందుకే గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది. ఆ బాణీ లిథువేనియా జానపద గీతం నుంచి వచ్చింది.

కొన్ని నిమిషాలకు తీగవాద్యాలు ఒకే స్వరసమూహాన్ని దబదబా బాదడం మొదలుపెడతాయి. అందులో రెండు మేళవింపులు ఒకదానిమీద ఒకటి పడతాయి. హార్మోనియం మీద పక్కపక్క మెట్లు కలిపి నొక్కితే వచ్చే గరుకుదనమే ఇది. మొదటి 32 దెబ్బలూ సమాన దూరంలోనే పడతాయి గాని, ఒత్తు చోటు మారుతూ ఉంటుంది. తొమ్మిది మామూలుగా పోయి, ఒత్తు 10వ దెబ్బ మీద పడుతుంది. తరువాత 12, 18, 21, 25, 30. బల్లమీద వేళ్లతో కొట్టి చూడండి. డప్పు దరువులో ఒత్తు మళ్లీ ఎక్కడ పడుతుందో మన కాళ్లకు ముందే తెలుసు. ఇక్కడ తెలియదు. వినేవాడికి భయం పుట్టేది అక్కడే, శబ్దం పెద్దదైనందుకు కాదు.

మరి దీని అర్థమేమిటి? ఈ సంగీతం బలయ్యే పిల్ల పక్షాన కాక, బలి ఇచ్చే గుంపు పక్షాన నిలిచిందని జర్మన్ తత్త్వవేత్త అడోర్నో 1949లో వచ్చిన పుస్తకంలో విమర్శించాడు. మాలో ఇద్దరు ఆయన వైపే. చివరి నాట్యంలో ఆమె కోసం ఏడ్చే బాణీ నిజంగానే లేదు. మిగతావారిది వేరే మాట. ఊరి మేలు పేరిట ఆడపిల్లను జోగినిగా అప్పగించే ఆచారం మన దగ్గరా ఉండేది. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. అదీ ఇదీ ఒకటి కావు. కానీ అలాంటి చోట గుంపు ఏడవదు, తాళం వేస్తుంది. స్ట్రావిన్‌స్కీ వినిపించింది ఆ తాళాన్నే అని వారంటారు.

ఈ తగవు మీరే తేల్చండి. చివర్లో వేణువులు పైకి పాకి ఒక్క క్షణం ఆగుతాయి, ఆ వెంటనే మొత్తం బృందం ఒకే దెబ్బ వేస్తుంది. ఆ క్షణంలో మీ చెవి ఎవరి దగ్గర ఉందో చూసుకోండి.