లేజర్‌తో అవాంఛిత రోమాల తొలగింపు: గోధుమరంగు చర్మానికి జాగ్రత్తలేమిటి?

'అవాంఛిత రోమాలు శాశ్వతంగా మాయం' అనే ప్రకటనలు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నాయి. చిక్కంతా ఆ 'శాశ్వతంగా మాయం' అన్న మాటతోనే. ఈ పరికరాల విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒప్పుకునేది 'శాశ్వత తగ్గింపు' వరకే. అంటే చికిత్స పూర్తయ్యాక మళ్లీ మొలిచే వెంట్రుకల సంఖ్య చాలాకాలం తక్కువగా ఉంటుంది. అసలు ఒక్కటీ మొలవదని కాదు.

వెంట్రుకకు నలుపునిచ్చేది మెలనిన్ అనే వర్ణకం. లేజర్ కాంతిని అది పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి రోమకూపంలోకి పాకి, వెంట్రుకను తిరిగి మొలిపించే కణాలను దెబ్బతీస్తుంది. చుట్టుపక్కల కణజాలానికి హాని లేకుండా ఎంచుకున్న లక్ష్యాన్నే వేడిచేయవచ్చన్న ఈ సూత్రాన్ని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రతిపాదించారు. మెలనిన్ లేని తెల్ల వెంట్రుకపై లేజర్ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

అయితే మెలనిన్ చర్మంలోనూ ఉంటుంది. అది వెంట్రుకదో చర్మానిదో కాంతికి తేడా తెలియదు. తొలినాళ్లలో వాడిన రూబీ లేజర్ (694 నానోమీటర్లు) తెల్లని చర్మం, నల్లని వెంట్రుకలు ఉన్నవారికి సరిపోయింది. భారతీయుల్లో ఎక్కువమందిది గోధుమ నుంచి ముదురు గోధుమ రంగు చర్మం. అలాంటి కాంతిని ఈ చర్మం పైపొరే ఎక్కువగా పీల్చుకుంటుంది. ఫలితంగా బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి ఉండే మచ్చలు రావచ్చు. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ పీల్చుకునే కాంతి తగ్గుతుంది, కాంతి మరింత లోతుకు వెళ్తుంది. అందుకే మన చర్మాలకు 800 నానోమీటర్లకు పైబడిన డయోడ్ లేజర్, బాగా ముదురు రంగైతే 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ సురక్షితమని భావిస్తారు. సన్నటి వెంట్రుకలపై ఎన్‌డీ-యాగ్ ప్రభావం కొంత తక్కువే. అయినా చర్మం కాలడం కంటే అది నయం. క్లినిక్‌లో ధర కంటే ముందు అడగాల్సినవి రెండు: ఏ లేజర్ వాడతారు, ముందుగా చిన్న చోట పరీక్షించి చూస్తారా.

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటే కొన్ని విశ్రాంతి దశలో ఉంటాయి. పెరిగే దశలో ఉన్నవాటిపైనే లేజర్ బాగా పనిచేస్తుంది. కాబట్టి 4 నుంచి 8 వారాల వ్యవధితో సాధారణంగా 6 లేదా అంతకంటే ఎక్కువ సిట్టింగులు పడతాయి. మొదటి సిట్టింగ్‌కే నునుపు ఆశిస్తే నిరాశ తప్పదు.

చికిత్సకు ముందు నాలుగు వారాలు వాక్సింగ్, థ్రెడింగ్ మానేయాలి. అవి వెంట్రుకను కుదురుతో సహా పీకేస్తాయి, ఇక లేజర్‌కు లక్ష్యమే మిగలదు. షేవింగ్ ఫర్వాలేదు, చేయమని చెప్పేదీ అదే. ఎండకు కమిలిన చర్మంపై లేజర్ వాడకూడదు. వాడుతున్న మందుల వివరాలు వైద్యులకు తప్పక చెప్పాలి. మత్తు క్రీమును సొంతంగా ఒళ్లంతా పూసుకోవడం ప్రమాదకరం.

చికిత్స సమయంలో కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. తర్వాత రోమకూపాల చుట్టూ ఎర్రగా ఉబ్బడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. బొబ్బలొస్తే మాత్రం వెంటనే వైద్యులకు చూపించాలి. తర్వాతి ఒకటి నుంచి మూడు వారాల్లో కాలిన వెంట్రుకలు బయటికొచ్చి రాలుతాయి. చాలామంది అవి కొత్తగా మొలుస్తున్నాయని కంగారుపడతారు. ఆ రోజుల్లో సన్‌స్క్రీన్ మరవకూడదు.

గడ్డం, పైపెదవిపై ముతక వెంట్రుకలతో వచ్చే అమ్మాయిల విషయం వేరు. నెలసరి కూడా క్రమం తప్పుతుంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. పురుష హార్మోన్ల ప్రభావం ఉన్నంతకాలం నూగు ముతకబారుతూనే ఉంటుంది, లేజర్ ఆ కారణాన్ని తాకదు. ముందు హార్మోన్ పరీక్షలు, అవసరమైతే మందులు, వాటితోపాటు లేజర్ అన్న వరుసలో వెళ్తే డబ్బు వృథా కాదు. ముఖం, మెడపై లేజర్ తర్వాత వెంట్రుకలు తగ్గకపోగా కొందరిలో పెరుగుతాయి కూడా. ముదురు రంగు చర్మం, హార్మోన్ల సమస్య ఉన్నవారిలో ఈ అవకాశం ఎక్కువ. బుగ్గల మీది లేత నూగుకు లేజర్ వద్దని చర్మవైద్యులు వారించేది ఇందుకే.