రేవు – మెట్టరేవు : ఉద్దానం తీరం నేర్పే పాఠం

రేవు అనగానే మనకు సముద్రం, ఓడ, దీపస్తంభం స్ఫురిస్తాయి. తరగతిలో మెట్టరేవుల ప్రసక్తి వచ్చినప్పుడు ఒక విద్యార్థి, "నీళ్లు లేని చోట రేవేమిటి మాస్టారూ?" అని మమ్మల్ని అడిగాడు. సమంజసమైన ప్రశ్న. దానికి సమాధానమే ఈ చిన్న వ్యాసం.

ముందుగా పదాన్ని పరిశీలిద్దాం. రేవు తెలుగు మాట. పారశీకం నుండి ఉర్దూలోనికి వచ్చిన 'బందర్' కూడా ఆ అర్థాన్నే ఇస్తుంది. మచిలీపట్నాన్ని మనం బందరు అనడం అందువల్లనే. ఇంగ్లీషులో డ్రై పోర్టు అనేదానిని 'మెట్టరేవు' అనవచ్చును. సరుకును నిల్వచేయుటకు, కస్టమ్స్ తనిఖీ జరుపుటకు, కంటైనర్లలో నింపి సీలు వేయుటకు లోతట్టు ప్రాంతంలో నెలకొల్పి, రైలుతోగాని రోడ్డుతోగాని ఓడరేవుకు కలిపిన కేంద్రమే మెట్టరేవు.

దీనికి మూలం కంటైనరు. 1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ నడిపిన 'ఐడియల్ ఎక్స్' ఓడతో ఈ పెట్టెల రవాణా కొత్త దారి పట్టింది. పెట్టెను తెరవకుండానే ఓడ నుండి రైలుకు, రైలు నుండి లారీకి మార్చవచ్చును గనుక, రేవులో జరుగవలసిన పనులను రేవుకు దూరంగా జరుపుకొనుట సాధ్యమైనది. మనదేశంలో తొలి ఇన్లాండ్ కంటైనర్ డిపో 1981లో బెంగుళూరులో వెలసింది. 1988లో కంటైనర్ కార్పొరేషన్ ఏర్పడింది. హైదరాబాదులోని సనత్‌నగర్ డిపో ఈ కోవలోనిదే. దీనివల్ల ఓడరేవుకు రద్దీ తగ్గుతుంది; వర్తకునికి తన ఊరి చెంతనే పని పూర్తవుతుంది.

ఇక మన తీరాన్ని చూద్దాం. వంశధార ముఖద్వారాన కళింగపట్నం, ఉత్తరాన బారువ ఒకనాడు ప్రసిద్ధమైన రేవులు. కళింగపట్నంలో ఓడలు తీరానికి దూరంగా లంగరు వేయగా, పడవలమీద సరుకు చేర్చేవారు. 1890 దశకంలో వచ్చిన తూర్పుతీర రైలుమార్గం కళింగపట్నాన్ని తాకక లోపలినుండి సాగిపోయింది. 1933లో విశాఖ రేవు ప్రారంభమైనది. లోతైన నీరూ, రైలూ రెండూ విశాఖకు ఉన్నాయి. పాత రేవులకు లేవు. లోనాడుతో బంధం లేని రేవు నిలువజాలదన్నదే ఇందులోని పాఠం.

నేడు సంతబొమ్మాళి మండలంలోని మూలపేటలో కొత్త రేవు నిర్మాణం సాగుతున్నది. మొదట భావనపాడు పేరుతో తలపెట్టిన ఈ రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మరి పలాసలో మెట్టరేవు కూడా కావాలా? తొందరపడక ఆలోచించవలసిన విషయమిది. పలాస జీడిపప్పు కర్మాగారాలకు ఉద్దానం పంట చాలక ఆఫ్రికా దేశాల గింజలు కూడా వస్తాయి. టెక్కలి ప్రాంతపు గ్రానైటు విదేశాలకు పోతుంది. ఒకటి దిగుమతి, మరొకటి ఎగుమతి. నిండుగా వచ్చిన పెట్టె ఖాళీగా తిరిగిపోతే ఆ ఖర్చు వర్తకునిమీదనే పడుతుంది. గింజలు తెచ్చిన పెట్టెలో గ్రానైటు పలకలు పోగలిగితే ఇరువురికీ లాభమే. ఆ రెంటినీ కలిపే చోటు ఒకటి అవసరం.

అయితే రైలు రవాణా దూరం పెరిగినకొద్దీ గిట్టుబాటవుతుంది. సుమారు 200 కిలోమీటర్ల దూరానగల విశాఖకు సరుకు పంపేటప్పుడు పలాసలో డిపో ఉంటే మేలే. మూలపేట మాత్రం పలాసకు చేరువ. అంతకొద్ది దూరానికి పెట్టెను రైలెక్కించి దించడంకన్న లారీయే చౌక. కనుక కొత్త రేవుకు కావలసిన మెట్టరేవులు ఇంకా లోపల, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలలో ఉండాలి. పలాస, టెక్కలులకు తగినవి గిడ్డంగులు, పెట్టెలు నింపే కేంద్రాలు అని మా అభిప్రాయం. నౌపడ జంక్షన్ ఇందుకు ఆయువుపట్టు. 1900లో పర్లాకిమిడి వరకు, 1931లో గుణుపురం వరకు చిన్నరైలు వేసినది ఇక్కడినుండే. 2011లో అది బ్రాడ్‌గేజిగా తిరిగి ప్రారంభమైనది.

ఇది లెక్కల విషయం మాత్రమే కాదు. ఈ జిల్లా మత్స్యకారులు బ్రతుకుతెరువుకై గుజరాత్‌లోని వేరావల్ వరకు వలసపోతున్నారు. 2018 అక్టోబరు తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. రేవు కోసం తీర గ్రామాలవారు భూములు వదులుకొన్నారు. ఓడలు వచ్చిపోయినంత మాత్రాన వారి ఋణం తీరదు. సరుకును శుద్ధిచేసే పని, లెక్కవ్రాసే పని, యంత్రం నడిపే పని ఇక్కడివారికి దక్కినప్పుడే తీరుతుంది. విద్యార్థులు కస్టమ్స్ పత్రాలు, రవాణా నిర్వహణ నేర్చుకొనేందుకు కళాశాల పాలకవర్గం ఒక స్వల్పకాలిక శిక్షణను ఆలోచించవలెనని మా విజ్ఞప్తి. రేవు వచ్చేనాటికి మన పిల్లలు సిద్ధంగా ఉండాలి.