చిరిగిన కండరం మళ్లీ కోలుకుంటుందా?

ప్రశ్న: నా వయసు 58. షటిల్ ఆడుతుంటే తొడ వెనక కండరం పట్టేసింది. స్కానింగ్‌లో కొద్దిగా చిరిగిందన్నారు. ఈ వయసులో అది కోలుకుంటుందా? స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేయించుకోమని తెలిసినవారు చెబుతున్నారు. మంచిదేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కంగారు పడకండి. కొద్దిపాటి చిరుగు చాలావరకు తనంతట తానే మానుతుంది. అందుకు కావలసిన మూలకణాలు (స్టెమ్ సెల్స్) మీ కండరంలోనే ఉన్నాయి. వీటిని శాటిలైట్ కణాలంటారు. 1961లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ మౌరో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో పరిశీలిస్తూ వీటిని గుర్తించారు. కండర పోగు పైపొరకు, దాని మీది పలుచని తొడుగుకు మధ్య ఇవి నిద్రాణంగా ఉంటాయి. గాయమైతే మేల్కొని విభజన చెందుతాయి. చాలా కణాలు దెబ్బతిన్న పోగులతో కలిసి వాటిని బాగుచేస్తాయి, లేదా తమలో తాము కలిసి కొత్త పోగులవుతాయి. కొన్ని మాత్రం విత్తనాలకు దాచిన గింజల్లా మళ్లీ నిల్వలో చేరతాయి. ఎలుకల్లో ఈ కణాలను తొలగించి చూస్తే, గాయపడిన కండరం కోలుకోలేదు.

వయసుతో వీటి సంఖ్య, చురుకుదనం తగ్గుతాయి. కాబట్టి మీకు కుర్రవాళ్ల కన్నా ఎక్కువ సమయం పట్టొచ్చు. మొదటి కొన్ని రోజులు విశ్రాంతినిచ్చి, తర్వాత ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా వ్యాయామం మొదలుపెట్టండి. పప్పు, గుడ్లు, పాలు, చేపల వంటి ప్రొటీన్ ఆహారం తగ్గించొద్దు.

ఇక ఇంజెక్షన్ సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కొన్ని రక్త సంబంధ వ్యాధుల వంటి వాటికి చేసే మూలకణ మార్పిడినే చికిత్సగా గుర్తించాయి. కండరాల గాయం అందులో లేదు. డబ్బు వృథా చేసుకోకండి.